అక్క చూపు మేర

ఎడమకు రాయి ఉందని చెప్పాలి, చెప్పాలి అనుకుంటుండగానే అక్క దాన్ని దాటేసింది, కాలికి తగల్లేదు, తగల్లేదు గనక సరిపోయింది, అదిగో మళ్ళీ బాట మీదికి వంగిన తుమ్మకొమ్మ, అక్కా కొమ్మున్నది ఎడమ దిక్కు, కొంచెం వంగు, అంటూ హరికిషన్ ముందుకురికి కొమ్మను పట్టి పైకెత్తాడు, ముల్లు అరచేతిలో దిగింది, దిగనీ, ఆ మాత్రం దిగాల్సిందే తనకు, రాధాబాయి తల వంచి కొమ్మ కిందినుంచి నడిచిపోతూ ఎదురుంగున్నది కనవడ్తదిరా తమ్మీ, పక్కలున్నదే కనవడది, గింత ఆగం గాకు అంది, ఆ అనడంలో నిష్ఠూరం లేదు, ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పినట్టు చెప్పింది, నిష్ఠూరముంటే బాగుండేది, ఎదురుమాటో సంజాయిషీయో ఏదో ఒకటి చెప్పుకునేవాడు, లేని నిష్ఠూరానికి మనిషి ఏం జవాబు చెప్తాడు, మంచు ఇప్పుడిప్పుడే విడిచిన బాట, రెండు పక్కలా ఆకు రాలిన సీతాఫలం పొదలు, పైన ఒక గుండు మీద ఇంకో గుండు, రెంటికీ నడుమ చెయ్యి పట్టేంత సందు, ఆ సందులో ఆకాశం, అక్కడ చూడక్కా అనబోయి ఆగాడు, ఏ దిక్కు చూడమనాలి, ఎంత పైకి చూడమనాలి, ఆమె చూపు అక్కడికి చేరేలోపల తను వేలు ఎంతసేపు చాపి నిలబడాలి, ముందు దత్తాత్రి సారు చేతికర్ర టకటకలాడిస్తూ పోతున్నాడు, సిద్దిపేట కాలేజీలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి, ఏటా మాఘంలో ఓ పదిమందిని వెంటబెట్టుకుని బెజ్జంకి గుట్ట దగ్గర మొదలుపెట్టి, గుట్టల వెంబడే, ఊరూరా రాత్రులు ఆగుతూ, మర్కూక్ దాకా నడిపిస్తాడు, పడకమూటలు ఎడ్లబండి మీద రోడ్డు వెంట వస్తాయి, నడిచేవాళ్ళ చేతిలో నీళ్ళ సీసా తప్ప ఏమీ ఉండదు, ఆయన వెనక బ్యాంకువాళ్ళు, టీచర్లు, వాళ్ళ వెనక డ్రిల్లుమాస్టరు సామ్యూల్, అందరికన్నా వెనక అక్కా తనూ, అక్కకు ఎడమవైపు అరడుగు వెనక తను, నాలుగు రోజులుగా ఇట్లాగే నడుస్తున్నాడు, ఎడమ కంట్లో వెలుగు దాదాపు పోయింది, కుడికంట్లో ఇంత మిగిలింది అని డాక్టరమ్మ బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా కలిపి చూపించింది, చేతి గాజెంత, ఆ గాజులోంచి ఇప్పుడు అక్క ఈ లోకాన్ని ముక్క ముక్కగా చూస్తోంది.

కరెంటు బుగ్గ చుట్టూ సింగిడి కనవడుతుందిరా కిషన్, ఏడు రంగులు, అని మొదటిసారి అన్నది ఎప్పుడు, నిరుడు బతుకమ్మకు ముందరా తర్వాతా, ముందరే, దుకాణం నిండా ఆడవాళ్ళు, చేతుల్లో చీరలు, ఈ చీరకు జాకెట్టు గుడ్డ, ఆ చీరకు లంగా గుడ్డ, సిద్దిపేట పాత బజారులో తమ మ్యాచింగ్ సెంటరుకు గజ్వేల్ నుంచీ బెజ్జంకి నుంచీ వచ్చేవాళ్ళు, వచ్చేది తన ముఖం చూసి కాదు, రాధక్క కన్ను చూసి, చీర తేకున్నా సరే, పెండ్లిలో ఒక్కసారి చూసిన చీరకు కూడా అక్క నెల తర్వాత గుడ్డ చించి ఇచ్చేది, ఉల్లిపొర రంగులో ఎన్ని రకాలున్నాయో, పావురం మెడలో ఎన్ని ఛాయలున్నాయో ఆమెకే తెలుసు, ఆమె మాత్రం బూడిదరంగు చీర లేదంటే మట్టిరంగు చీర, భర్త పోయి పుట్టింటికి వచ్చిననాటి నుంచీ అంతే, అప్పుడు తనకు మీసాలు కూడా సరిగా రాలేదు, బాపు పోయిన ఏడాదే అక్క తిరిగొచ్చింది, మూతపడబోయే దుకాణం తలుపులు అక్కే తెరిచింది, సరే, ఆ రోజు, బుగ్గ చుట్టూ సింగిడి అంది, మీటరు కర్రతో గుడ్డ కొలుస్తూ తల తిప్పకుండానే తను అందరికి వానల కనవడ్తది, నీకు ఇంట్లనే కనవడుతున్నది, అదృష్టవంతురాలివి అన్నాడు, ఆడవాళ్ళు నవ్వారు, అక్క కూడా నవ్వింది, నవ్వుతూ కనుబొమల మీద అరచేత్తో ఒత్తుకుంది, ఆ ఒత్తుకోవడం తను చూశాడు, చూడలేదని ఎట్లా అనగలడు, ఇప్పుడింత స్పష్టంగా కళ్ళముందు కనిపిస్తుంటే, చూసి కూడా తర్వాతి గుడ్డ అందుకున్నాడు, దసరా పోనీ అన్నాడు, దీపావళి పోనీ అన్నాడు, పెండ్లిళ్ళ సీజను పోనీ అన్నాడు, నడుమ ఒకసారి బస్టాండు దగ్గరి కళ్ళద్దాల దుకాణంలో ఒక జత అద్దాలు తెచ్చి ముక్కుమీద పెట్టి ఇగ సూది కూడ గుచ్చుతవు అన్నాడు, ఆమె అద్దాలు పెట్టుకుని, దగ్గరిది పెద్దగైతున్నదిరా, గని పక్కలున్న మనుషులు గభాల్న మీదికొచ్చినట్టు వస్తున్నరు అంది, అలవాటైతది అన్నాడు, ఎంత తేలిగ్గా అన్నాడు, భార్య పద్మమ్మ మాత్రం రెండుసార్లు అడ్డం తిరిగింది, వదినె గోడను ఒరుసుకుంట నడుస్తుంది, ఒకసారి పట్నం తీస్కపోరాదుండ్రి అంది, నువ్వు పోయి గల్లాపెట్టె కాడ కూసుంటవా అన్నాడు, ఇప్పుడు కూర్చుంది కదా పద్మమ్మ, ఇదే మాఘంలో, ఇవే పెండ్లిళ్ళలో, దుకాణమేమీ కూలిపోలేదు కదా, అప్పుడెందుకు కూలుతుందనుకున్నాడు.

ఇన్ని రోజులు ఏం చేసిన్రు, అని హైదరాబాదు కంటి దవాఖానలో డాక్టరమ్మ అడిగింది అక్కను కాదు, తనను, చిన్నపిల్ల, నిండా ముప్పై ఏళ్ళుండవు, మాటలో కోపం కూడా లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది, తను సీజనుండె మేడం అన్నాడు, ఆ మాట నోట్లోంచి వచ్చి గదిలో బల్లమీద పడి అక్కడే కూర్చుంది, డాక్టరమ్మ దాన్ని చూసింది, అక్క చూసింది, ఎడమ పక్కనుంచి వచ్చిన సైకిలు కనబడక అక్క కిందపడి మోచెయ్యి విరగ్గొట్టుకుంటే గానీ తను పట్నం బస్సెక్కలేదు, నీటికాసులమ్మా ఇది, కంట్లో నీటి ఒత్తిడి పెరిగి చూపు నరం ఎండిపోతది, పోయింది రాదు, ఉన్నదాన్ని మందుచుక్కలతోటి కొన్నాళ్ళు ఆపుదాం, ఎన్నాళ్ళో నేను చెప్పలేను, ముందే వస్తే వేరేలా ఉండేది అని, ఆ చివరి ముక్కను డాక్టరమ్మ గొంతు తగ్గించి అంది, తగ్గించి అన్నదే పెద్దగా వినబడింది, అక్క అడిగింది ఒక్కటే, నడవచ్చునా అమ్మా, దూరం, గుట్టలల్ల, అని, చూసుకుంటూ నడవచ్చు, తోడుంటే మంచిది, అంతే, తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అక్క దత్తాత్రి సారు నడక మాఘంలనే గదా అంది, గదే అన్నాడు, అంతకుముందు ఎన్ని మాఘాలు అడిగిందో, సారు భార్య జాకెట్టు గుడ్డకొచ్చి గుట్టల ముచ్చట్లు చెప్పిపోయిన ప్రతిసారీ అడిగింది, నన్ను గూడ ఒక్కసారి పోనీయరాదురా అని, పెండ్లిళ్ళల్ల నువ్వు లేకుంటే రంగులెవరు చూడాలె, వచ్చే యేడు చూద్దాం అనేవాడు, ఆ వచ్చే యేడు ఇదే.

గుంపు ఆగింది, పెద్ద బండ, దాని మీదికి ఎక్కి దత్తాత్రి సారు కర్రతో తట్టి చెప్తున్నాడు, మన కాలి కింద ఉన్న ఈ రాయి రెండువందల యాభై కోట్ల ఏండ్ల కిందిది, అప్పుడు మనిషి లేడు, చెట్టు లేదు, పిట్ట లేదు, దీన్ని చూడటానికి లోకంల కన్నన్నదే లేదు, అన్నాడు, బ్యాంకాయన అబ్బో అన్నాడు, సామ్యూల్ నోరు తెరిచి పైకి చూశాడు, హరికిషన్‌కు మాత్రం మనసు ఆ కన్ను అన్న మాట దగ్గరే ఆగిపోయింది, సారు ఎందుకన్నాడా మాట, తెలియక అన్నాడా, అక్క ముఖంలోకి చూశాడు, అక్క ముఖం విప్పారి ఉంది, చూసెటోళ్ళు లేకున్న గిది గిట్లనే ఉన్నదన్నట్టు, అని అనుకుంటూ ముందుకు నడిచి రాయి మీద అరచెయ్యి ఆనించింది, ఎద్దు వీపు నిమిరినట్టు మెల్లగా నిమిరింది, ఒక దిక్కు చల్లగున్నదిరా, ఒక దిక్కు వెచ్చగున్నది, ఎండ వడ్డదా, వడ్డదక్కా, ఏం రంగున్నది, నాకు నడిమి ముక్క కనవడుతుంది, అంచులు కనవడతలేవు, అంచులు జెప్పు అంది, తను చూశాడు, రాయి రంగే అన్నాడు, ముప్పై ఏండ్లు బట్టల దుకాణంల గూసొని రాయి రంగంటవా అని అక్క నవ్వింది, సామ్యూల్ కూడా నవ్వాడు, హరికిషన్ సిగ్గుపడి మళ్ళీ చూశాడు, కిందివైపు ఇటుకపొడి చల్లినట్టుంది, పైకి పోతుంటే బూడిద, నడుమ నీళ్ళు జారిన చోట నల్లటి చార, ఆ చార పక్కన పచ్చగా పాచి, పచ్చ కూడా కాదు, ఏమంటారు దీన్ని, రోజూ ఎన్నోసార్లు పలికే రంగుల పేర్లు ఒక్కటీ దొరకలేదు, అక్క చెయ్యి చాపి ఇదీ అని చూపిస్తే గుడ్డ చించడమే ఇన్నేళ్ళూ తను చేసింది, పచ్చగున్నదక్కా అన్నాడు, ఏ పచ్చ అంది అక్క, ఏమో అక్కా అన్నాడు, సరేతియ్ అని ఆమె ఆ పాచి ఉన్న చోటికి ముఖం దగ్గరగా తీసుకుపోయి, కుడికన్ను ఒక్కో జానెడు కదుపుతూ, బండను మొదటినుంచి చివరిదాకా చూసుకుంటూ పోయింది, మిగతావాళ్ళు నీళ్ళు తాగి బయల్దేరారు, ఆమెకింకా బండ సగమే అయింది.

సాయంత్రం ఊళ్ళో లింగవ్వ ఇంటిముందు దిగారు, దత్తాత్రి సారుకు పాత పరిచయం, ఏటా ఆమె ఇంట్లోనే జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు, పొయ్యి దగ్గర కూర్చుని లింగవ్వ అక్కను కిందికీ పైకీ చూసి కండ్లు సక్కగ లేకపాయె, ఈ గుట్టలెంబడి ఎందుకు తిరుగుతున్నవ్ బిడ్డా అని అడిగింది, అట్లా మొహం మీద అడగొచ్చని హరికిషన్‌కు తెలియదు, ఈ మూడు నెలల్లో ఇంట్లో ఎవరూ కండ్లు అన్న మాటే ఎత్తలేదు, అక్క రొట్టె తుంచుకుంటూ ఉన్నకాడికి చూసుకుందామని వచ్చిన అవ్వా అంది, చిన్నప్పుడు మా బాపు బండి మీద బట్టల మూటలేసుకుని సంతలకు పోతుంటె ఎంబడి పోయేదాన్ని, గుట్టలు దూరంకెళ్ళి నీలంగ కనవడేటియి, దగ్గరికి పోతే ఎట్లుంటయని అడిగితె బాపు పెద్దగైనంక చూద్దువు తియ్ అనేటోడు, పెద్దగై గూడ శాన ఏండ్లాయె, అని నవ్వింది, హరికిషన్ అరుగు చివర చెప్పుల్లోని ఇసుక దులుపుతూ విన్నాడు, తనకీ సంగతి తెలియదు, బాపు బండి గురించి తనతో ఎన్నడూ చెప్పలేదు, చెప్పిందేమో, గుడ్డ చించుతూ వినలేదేమో, తమ్ముడు మంచోడు, దుకాణమిడిసి ఎంబడి వచ్చిండు అంది లింగవ్వ, మంచోడే అంది అక్క, రొట్టె నమిలి మింగి, మళ్ళీ, మంచోడే అవ్వా అంది, అక్కడితో ఆగిపోయింది, ఆ మాట వెనక ఇంకేదైనా వస్తుందేమోనని చెప్పు చేతిలో పట్టుకుని ఎదురుచూశాడు, రాలేదు, లింగవ్వ బర్రె ముచ్చట ఎత్తుకుంది, మంచోడే, ఆ మాటను ఎట్లా తీసుకోవాలి, చెడ్డోడైతే ఏం చేసేవాడు, చెడ్డోడు కూడా ఇంతకన్న చేసేదేముంది, పడుకున్నాక కూడా మంచోడే, మంచోడే అని చెవిలో దోమలాగ తిరిగింది.

మర్నాడు నడక మొదలైంది మొదలు తను ఒకే పని మీద ఉన్నాడు, ఇవాళ చెప్పాలి, అక్కతో ఆ మాట చెప్పి తీరాలి, ఎట్లా మొదలుపెట్టాలి, అక్కా నాది తప్పైంది, అంటే ఏ తప్పురా అంటుంది, నీ కండ్ల సంగతి అక్కా, అంటే పోనీతియ్ అంటుంది, పోనీతియ్ అనకుండా ఉండాలంటే ఎట్లా అడగాలి, నన్ను క్షమించక్కా అనాలా, ఇంట్లో ఎవరైనా అట్లా మాట్లాడతారా, సినిమాలో లాగ ఉంటుంది, కాళ్ళు పట్టుకోవాలా, దారిలోనా, గుంపు ముందరా, అయినా పర్వాలేదు, అందరూ చూస్తే ఇంకా మంచిదేమో, అప్పుడు ఆమె తలమీద చెయ్యి పెడుతుంది, పెడుతుందా, పెడితే ఆ చేతి బరువు ఎట్లా ఉంటుంది, కళ్ళు చెమర్చాయి, అందులో ఒక రకమైన హాయి కూడా ఉంది, మోదుగుచెట్లు అక్కడొకటి ఇక్కడొకటి పూతకొచ్చాయి, బాట ఒక ఏటవాలు బండ మీదికి ఎక్కింది, బండకు ఎడమన నిలువునా ఒక పగులు, సామ్యూల్ దాన్ని దాటుతూ వెనక్కి తిరిగి సార్ పగులున్నది, పైలం అన్నాడు, హరికిషన్ తలూపాడు, తలూపి, అక్కా ఆ దినం దుకాణంల నువ్వు సింగిడన్నప్పుడు, అని లోపల మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు, నేనట్ల అనొద్దుండె, అనొద్దుండె అక్కా, అన్న దగ్గర అక్క లేదు, పక్కన అక్క ఉండాల్సిన చోట ఎండ ఉంది, కింద ఎవరో ఎండుకొమ్మ విరిచినట్టు చప్పుడు, ఆమె ఎడమకాలు మోకాటిదాకా పగులులో ఉంది, రెండు చేతులూ బండమీద, ముఖం బండకు ఆనించి, అరవలేదు, అమ్మా అని కూడా అనలేదు, కిషన్ ఏడున్నవురా అంది.

కాలు విరగలేదు, సామ్యూల్ పైకి లాగి పిక్కనంతా తడిమి చూసి విరగలేదమ్మా, దోక్కపోయింది అన్నాడు, రుమాలు కట్టాడు, చీర కుచ్చెళ్ళు నెత్తురైనాయి, దత్తాత్రి సారు వచ్చి వంగి చూశాడు, ముసలాయన ముఖం తెల్లబోయింది, మధ్యాహ్నానికి మర్కూక్ చేరతాం, అక్కడ రోడ్డుంది, ప్రజ్ఞాపూర్ పోయే బస్సొస్తుంది, అక్కడినుంచి సిద్దిపేటకు మస్తు బస్సులు, అమ్మను తీసుకపోండి హరికిషన్ గారూ, ఇక ఉన్నది మర్కూక్ పక్కనున్న ఒక్క జోడుగుండ్ల గుట్టనే, అది చాలా ఎత్తు అన్నాడు, అందరూ తన నోటివైపు చూశారు, అక్క వైపు ఎవరూ చూడలేదు, తను వెంటనే సరే సార్ అన్నాడు, ఎంత వెంటనే అన్నాడంటే అన్నాక గానీ అన్నట్టు తెలియలేదు, అనగానే రొమ్ముమీంచి రాయి దించినట్టయింది, ఇంక ఎడమకు రాయి, ఎడమకు కొమ్మ అని చూడనక్కర్లేదు, ఇంటికి పోవచ్చు, మంచం వేసి కూర్చోబెట్టొచ్చు, మందుచుక్కలు వేస్తూ బాగా చూసుకోవచ్చు, సామ్యూల్ ఒక పక్కా తను ఒక పక్కా పట్టుకుని మెల్లగా మర్కూక్ దాకా దింపారు, రోడ్డుపక్క హోటలు ముందర బల్లమీద అక్కను కూర్చోబెట్టి సామ్యూల్ గుంపుతో పాటు గుట్టవైపు పోయాడు, పోతూ రెండుసార్లు వెనక్కి చూశాడు, హోటలాయన చాయ తెచ్చి ఇచ్చాడు, అక్క గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గుట్టవైపు ముఖం పెట్టింది, తను ఏదో ఒకటి అనాలి గనక అన్నాడు, పోనీతియ్ అక్కా, వచ్చే యేడు మళ్ళ వద్దాం.

చాయ గ్లాసు కదల్లేదు, అక్క ముఖం కూడా తిప్పలేదు, వచ్చే యేడు నాకు కండ్లు ఏడియిరా కిషన్, అంది, అంతే, నెమ్మదిగా, తెలియక అడిగినట్టు, ఆ మాట విన్నాక హరికిషన్‌కు తన నోరు తనదిగా అనిపించలేదు, ఈ నోరేనా, దవాఖానలో సీజను అన్నది, దుకాణంలో అదృష్టవంతురాలివి అన్నది, ఇంత జరిగాక, ముల్లు గుచ్చుకుంటే ఆ మాత్రం గుచ్చుకోవాల్సిందే అనుకున్నాక, ఈ రెండు రోజులూ మాటలు కూర్చుకున్నాక, మళ్ళీ అదే, తడుముకోకుండా, కొత్తగా అన్నట్టు, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని ఏడ్చాడు, హోటలాయన చూస్తున్నాడని తెలిసీ ఏడ్చాడు, అక్కా నాతోనే పోయినయి నీ కండ్లు, నేనే పోగొట్టిన అన్నాడు, కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు, ఇదొక్కటే వచ్చింది, అక్క గ్లాసు కింద పెట్టి చేత్తో తడుముకుని అతని భుజం దొరకబట్టుకుంది, ఔ, జర ముందుగాల పోతే బాగుండు, అంది, నాకు గూడ మనసుల వడ్డది, రాత్రిపూట శానసార్లు అనుకున్న, వీడు ఒక్కనాడు దుకాణం బంద్ చేస్తె ఏమైతుండె అని, అంది, పోనీతియ్ అనలేదు, అంటుందని భయపడ్డ మాట అనలేదు, అని ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు, మరి ఇప్పుడు ఏడువకు అంది, ఇంటికి పోయినంక ఏడువు, ఎంతసేపన్న ఏడువు, నాకు పొద్దు తక్కువున్నది, నువ్వు గీడ ఏడ్చుకుంట గూసుంటె నేను నిన్ను జూడాల్నా, గుట్టను జూడాల్నా.

బస్సొచ్చింది, దుమ్ము లేపుకుంటూ వచ్చి హోటలు ముందరే ఆగింది, ప్రజ్ఞాపూర్ ప్రజ్ఞాపూర్ అని కండక్టరు కేకేశాడు, హరికిషన్ లేచి నిలబడ్డాడు, అలవాటుగా అక్క నీళ్ళ సీసా అందుకున్నాడు, అందుకుని, మొదటిసారి అడిగాడు, ఏం జేద్దామక్కా, అక్క కుంటుతూ లేచి బస్సు ముందునుంచి దాటి గుట్ట దిక్కు నడిచింది, కండక్టరు వస్తరా రారా అన్నాడు, రాము అన్నాడు, బస్సు పోయింది, గుట్ట మీదికి ఎక్కడం అయ్యే పని కాదని ఇద్దరికీ తెలుసు, జొన్నచేల గట్లమీద మెల్లగా, పది అడుగులకోసారి ఆగుతూ, గుట్ట మొదట్లో ఒక చదును బండ దాకా పోయేసరికి పొద్దు వాలింది, పైన గుంపు చీమల బారులాగ కదులుతోంది, సామ్యూల్ కాబోలు చెయ్యి ఊపాడు, అక్కకు కనబడదు, చెప్పాలా, చెప్పలేదు, ఆమె బండమీద కూర్చుని కాలు చాపుకుని తల ఎత్తింది, గుట్ట అడుగునుంచి మొదలుపెట్టింది, గాజెంత చూపుతో, ఒక పొద, ఒక గుండు, ఒక చార, ముఖాన్ని కొంచెం కొంచెంగా కదుపుతూ, ఎక్కడ ఆపిందో అక్కడ చాలాసేపు ఆపుతూ, తను అలవాటు కొద్దీ ఎడమకు అక్కా, అని మొదలుపెట్టాడు, ఉండు అంది, మెల్లగానే అంది, తను ఆగిపోయాడు, అప్పుడు ఆమె ముఖం చూశాడు, ఆ ముఖంలో దుకాణం లేదు, పద్మమ్మ లేదు, తను లేడు, తను చేసిందీ చెయ్యనిదీ ఏదీ లేదు, గుట్ట ఒక్కటే ఉంది, ఆమె చూస్తున్నది ఆమెకోసమే, ఇన్నేళ్ళూ రాధక్క కన్ను రాధక్క కన్ను అని ఊరంతా అంటుంటే అది తమ దుకాణానికున్న కన్నే అనుకున్నాడు, అందుకే సీజను అయిపోనీ అనగలిగాడు, కన్ను పోయిందని తెలిసిన దినాన గుండెలో మొదట కలుక్కుమన్నది కూడా ఇక రంగులెవరు చూడాలనే, అవును, అదే, ఎవరికీ చెప్పుకోలేనిది అదే, ఆ తర్వాత పడ్డ ఏడుపంతా కూడా తన సొమ్మేదో పోగొట్టుకున్నవాడి ఏడుపే, ఆ కళ్ళు అక్కవి, చూడాలన్న ఆశ ఆమెది, ఆమెకు కావలసినవి ఆమె చూసుకోవాల్సిన కళ్ళు, వాటితో తను ఇన్నాళ్ళూ గుడ్డలు చూపించాడు, ఈ ఒక్క సంగతి ఇప్పుడు తెలిసింది, తెలిసి చేయగలిగింది ఏమీ లేదు, అక్క చూపు గుట్ట సగందాకా వచ్చింది, ఇంకా పైకి పోతోంది, వెలుగు ఉన్నంతసేపూ ఆమెకు అడ్డం రాకుండా, హరికిషన్ కొంచెం పక్కకు జరిగి నిలబడ్డాడు.